ఆక్సైడ్ వీధి

ఈ ఊళ్ళో వీధులకి రసాయనాల పేర్లు.
క్లోరైడ్, సల్ఫైడ్, బ్రోమైడ్.
బ్రోకెన్ హిల్‌కి కెమిస్ట్రీ టీచరుగా వచ్చిన నాకు
ఇల్లు ఆక్సైడ్ వీధిలో దొరికింది.
బండి కూడా ఆ వీధి చివరే,
పేరుకి తగ్గట్టు తుప్పు పట్టి.

తొంభై ఒకటి నాటి ప్యాట్రోల్.
డీజిలు ఇంజను మాత్రం
గురువూ లఘువూ తప్పకుండా
పాత పంతులుగారు చదివే పద్యంలా నడుస్తోంది.
"గుండె గట్టిదే, మోకాళ్ళే పోయాయి"
అన్నాడు మెర్వ్ పాస్కో.
ముప్ఫయ్యేళ్ళు గనిలోకి దిగి
తన మోకాళ్ళు అక్కడే వదిలేసి వచ్చిన మనిషి.

ఎందుకు నీకిది, అని స్టాఫ్ రూములో అడిగారు.
నా క్లాసులో పదకొండుమంది. ఒక్కరినీ చూడలేదు.
ఉపగ్రహం మీంచి గొంతులొస్తాయి,
వెనకాల గొర్రెలు అరుస్తుంటాయి.
బ్రయొనీ అని ఒక పిల్ల,
టిబుబురా దాటాక ఇంకా అరవై కిలోమీటర్లు.
జవాబు తెలియనప్పుడల్లా
వాళ్ళింట్లో లైను కట్టవుతుంది.
ఆ లైను ఎలా ఉంటుందో ఓసారి చూసి రావాలి.

ముందు స్ప్రింగులు మార్చాం. రెండంగుళాలు లేచింది.
లేవగానే స్టీరింగుకి నిలకడ పోయింది,
కొత్తగా పదవొచ్చినవాడి చూపులా అటూ ఇటూ.
దానికి వేరే బుష్‌లు.
బ్రేకు గొట్టాలు పొట్టివైపోయాయి, వాటికి పొడుగువి.
ఒకటి పైకెత్తితే నాలుగు కిందికి లాగుతాయి.
"సమీకరణం బాలెన్స్ చెయ్యడమే కదా,
నువ్వు చెప్పే చదువు అదే కాదూ?"
మెర్వ్ మొహంలో నవ్వు లేదు, చేతిలో టీ వణుకుతోంది.

స్నోర్కెల్ కోసం ఫెండరుకి చిల్లు పెట్టాల్సిన రోజు
డ్రిల్లు పట్టుకుని అరగంట నిలబడిపోయాను.
నాకు ముక్కు కుట్టించినప్పుడు
మేనత్త ఒళ్ళో అదిమి పట్టుకుంది.
దీన్నెవరు పట్టుకుంటారు?
మెర్వ్ బానెట్ మీద చెయ్యి వేసి "కానీ" అన్నాడు.

వానే పడని ఊళ్ళో ఇంత పొడుగు ముక్కా అని
వీధి వీధంతా నవ్వింది.
నీళ్ళకి కాదయ్యా, దుమ్ముకి.
ఆరువేలకి కొన్నదానికి తొమ్మిదివేలు పెట్టాను,
ముక్కు కన్నా ముక్కెర ఖరీదు.
ఇంతా చేసి, కావలసినప్పుడల్లా
పంతొమ్మిదో నంబరు పానా కనపడదు.
గనిలో దయ్యాలు ఎత్తుకుపోతాయంటాడు మెర్వ్.

సెలవుల్లో బయల్దేరాను, ఒక్కదాన్నే.
టిబుబురా దాటిన నలభయ్యో కిలోమీటరు దగ్గర
ఎండిన వాగు. ఇసుకలో ఇరుసు దాకా దిగబడింది.
ఆ ఎత్తు, ఆ ఉక్కు, కిందవేసిన రేకు కవచం
అన్నీ ఎండలో నన్నే చూస్తున్నాయి.
టైరు పక్కన కూర్చుని గాలి వదిలాను,
ముప్ఫయ్యారు నించి పదహారుకి.
నాలుగు టైర్లూ బుస్సుమన్నాయి.
బండి పిల్లిలా నడిచి గట్టెక్కింది.
తొమ్మిదివేల మాట అప్పుడు తలుచుకోలేదు.

గేటు దగ్గర బ్రయొనీ.
పన్నెండేళ్ళుంటాయి, మోచేతుల నిండా గీతలు.
గొంతు సవరించుకున్నాను.
నన్ను గుర్తు పట్టాల్సింది దాంతోనే కదా.
ఆ పిల్ల నావైపే చూడలేదు.
ఎర్రమట్టిలో వెల్లకిలా పడి బండి కిందికి దూరింది.
"మిస్, వెనక ఎడమ షాకు బోల్టు వదులైంది."

"ఎంత పానా కావాలి?"

ఆలోచించలేదు. లైను కట్టవలేదు.
"పంతొమ్మిది."

రెండు టర్ములుగా అడుగుతున్నాను
పొటాషియం పరమాణు సంఖ్య.

పెట్టె తెరిచాను.
పదిహేడు ఉంది, ఇరవై ఒకటి ఉంది.
అప్పటికే ఆ పిల్ల
షెడ్డు వైపు పరిగెడుతోంది.